ఇరవైయారో ఫారం

ఇరవైమూడో ఫారం మడత పెడుతూనే అంకాలమ్మ నాలుగుసార్లు గుమ్మం వైపు చూసింది. ఆఖరిదైన ఇరవైయారో ఫారం తెచ్చే ప్రెస్సు ఆటో జాడ లేదు. పెద్ద కాగితాన్ని సగానికి మడవడం, వెదురుబద్దతో ఒక్క గీత నొక్కడం, మళ్ళీ మడవడం, మళ్ళీ నొక్కడం. మూడు మడతలకి పదహారు పేజీల ఫారం తయారు. గవర్నరుపేట సందులోని ఈ బైండింగు షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. కుడి బొటనవేలు కాస్త వంకర తిరిగింది, గోరు అరిగి పలచబడింది.

ఆమె బళ్ళో చదివింది ఐదో తరగతి. ఆ పైన చదివిందంతా మడతల్లోనే. 'నీడల రేవు' నవల మొదటి భాగం పదిహేడేళ్ళ కిందట ఈ గచ్చు మీదే ఆమె చేతికొచ్చింది. నీడ పోగొట్టుకున్న వాళ్ళని నల్లటి ఏరు దాటించే పడవమనిషి మత్స్యవల్లి. ఒడ్డున కాలు పెడితే ప్రాణం పోతుందని ఆమెకి శాపం. నాగాయలంక దగ్గర నాన్న పడవలో పెరిగిన అంకాలమ్మకి ఆ పిల్ల సొంత చెల్లెలైపోయింది. ఎప్పటికైనా ఒడ్డెక్కుతుందా, ఎక్కదా? ఆరు భాగాలు మడిచినా ఆ సంగతి తేలలేదు. సిరా అంటి పాడైన కాగితాలు ఎవరికీ అక్కర్లేదు కదా, వాటిని ఏరి కుట్టుకుని ఆరు పుస్తకాలూ ఇంట్లో పెట్టుకుంది. మచ్చ పడ్డ చోట ఏం జరిగి ఉంటుందో తనే ఊహించుకునేది.

ఆ నవల మీద తీసిన సినిమాలూ వదల్లేదు. మొదటిది మూడుసార్లు చూసింది. తెర మీదకి పడవ రాగానే ఏడ్చేసింది. కానీ లోతునీళ్ళలో హీరోయిన్ గెడకర్ర పట్టుకుని నిలబడితే మాత్రం ఒళ్ళు మండింది. అంత లోతులో గెడకి నేల ఎలా అందుతుంది? ఇంటర్వెల్లో పక్క సీటాయన్ని అదే అడిగితే, ఆయన పాప్‌కార్న్‌తో సహా లేచి వేరే సీటుకి పోయాడు.

పోయిన శుక్రవారం ఆఖరి సినిమా వచ్చింది. పుస్తకం ఆఖరిదైన ఏడో భాగం ఇంకా ప్రెస్సులోనే ఉంది. పక్కన కూర్చుని ఫారాలు కుట్టే బ్లెస్సీ సినిమా చూసొచ్చి, మత్స్యవల్లి మునిగిపోతుందని చెప్పేసింది. అంకాలమ్మ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. సినిమాకీ వెళ్ళలేదు.

"సినిమావాళ్ళకి గెడకీ తెడ్డుకీ తేడా తెలవదు. రాసినాయనకి తెలుసు. ఆఖరి ఫారం రానీ," అంది మూడోనాడు.

ఇవాళ పొద్దుటి నుంచీ ఎడమచెయ్యి లాగుతోంది. యజమాని రామకోటేశ్వరరావు గారు ఇంటికెళ్ళి పడుకోమన్నారు. ఆ ఫారం వచ్చే రోజున ఇంటికెళ్ళడమా! ఒక అరటిపండు తిని, మంచినీళ్ళు తాగి మళ్ళీ కూర్చుంది.

నాలుగింటికి ఆటో వచ్చింది. కట్ట విప్పగానే పైనున్న సిరా మచ్చ కాగితాన్ని అంకాలమ్మ లాగేసుకుంది. మడవని కాగితం మీద పేజీలు వరస తప్పి, కొన్ని తలకిందులుగా ఉంటాయి. చూపు పడిందంటే ముగింపు తెలిసిపోతుంది. అందుకని కళ్ళు మూసుకునే మడిచింది. తర్వాత బద్దతో ఒక్కో మడతా కోసుకుంటూ, పెదాలు కదుపుతూ చదవడం మొదలెట్టింది.

వెనక పేజీలో పుస్తకాల జాబితా ఉంది. కథ దాని లోపలి మడతలో ముగుస్తుంది. బ్లెస్సీకి ఆత్రం ఆగలేదు.

"అక్కా, ఆ మడత ముందు కోసెయ్యరాదూ?"

"ఏరు దాటకుండా ఒడ్డెట్టా వస్తదే? ఉండు, దాని దగ్గరకే పోతన్నా."

బ్లెస్సీ టీ తేవడానికి వెళ్ళింది. వచ్చేసరికి అంకాలమ్మ ఫారాల దొంతరకి ఆనుకుని ఉంది, కళ్ళజోడు ముక్కు మీదకి జారింది. కునుకు పట్టిందనుకుని గ్లాసు పక్కన పెట్టి రెండుసార్లు పిలిచింది. ఎదురింటి డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, ప్రాణం పోయిందన్నాడు.

నాలుగో రోజు షాపు తెరిచారు. ఇరవైయారో ఫారం బ్లెస్సీయే మడిచింది. పదకొండు వందల కాగితాలు. ప్రతి కాగితం మీదా అదే ఆఖరి వాక్యం: మత్స్యవల్లి తెడ్డు పడవలో వదిలేసి, ఒడ్డున కాలు పెట్టింది. మొదటి కాగితానికి బ్లెస్సీ భోరున ఏడ్చింది. అక్క నమ్మిందే నిజం, సినిమాయే అబద్ధం. ఆ మాట అక్కతో చెప్పే దారి లేదే అని సాయంత్రం దాకా కుమిలిపోయింది.

సిరా మచ్చ ఫారం అలమర మీద ఉంది. దాన్ని కదపడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆఖరి మడత ఇంకా తెగలేదు, వెదురుబద్ద అందులో సగం దాకా దూరి ఉంది.