రాని జ్వరం

చాందీ దరఖాస్తును ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు. సూర్యాపేటలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఆ పిల్ల, గడువు దాటిపోయాక, కెమిస్ట్రీ కోర్సులోంచి తన పేరు తీసెయ్యమంటోంది. హాజరు చాలక ఫెయిలయ్యే బదులు వచ్చే ఏడాది మళ్లీ చదువుకుంటానంటోంది.

“ఇంత ఆలస్యంగా అంటే నువ్వు రాసిన కారణం నడవది, అనారోగ్యం ఒక్కటే నడుస్తది. టైఫాయిడ్ అని రాయి, సంతకం పెడత.”

“నాకు జ్వరం రాలేదు సార్.”

“రాలేదని ఎవరు సూడొచ్చిండ్రమ్మా?”

పక్కన నిలబడ్డ తండ్రి గోప్యా మెల్లగా, “రాసెయ్ బిడ్డా. పెద్దోళ్లతోని మనకెందుకు?” అన్నాడు. అతను మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ. కూతురు క్లాసులు ఎగ్గొట్టిందని తెలుసు గానీ, ఎందుకో తెలియదు.

చాందీ తండ్రివైపు తిరిగింది. “ల్యాబ్‌ల సారు నన్ను సారా కాసే ఇంటి పిల్ల అంటడు బా. డిస్టిలేషన్ చెప్పేటప్పుడు, సారా బట్టీ ఎట్ల పెట్టాల్నో చాందీనే అడుగున్రి అంటడు. అందరు నవ్వుతరు. అందుకే పోలే. జ్వరమని రాస్తే ఆయన అన్నది లేనట్టే అయితది.”

చివ్వెంల దగ్గరి వాళ్ల లంబాడీ తండాలో గోప్యా పెళ్లిలో కూడా గ్లాసు ముట్టని మనిషి. బల్ల మీది దరఖాస్తును ప్రిన్సిపాల్ వైపు జరిపాడు. “పిల్ల రాసింది రాసినట్టే ఉండనియ్యున్రి సార్” అన్నాడు.

ప్రిన్సిపాల్ సంతకం పెట్టలేదు. మర్నాడు తండ్రీకూతుళ్లు బస్సెక్కి యూనివర్సిటీకే వెళ్లి దరఖాస్తు ఇచ్చారు. యూనివర్సిటీ వేసిన కమిటీ విచారణ రోజున, అందులోని మేడమ్, “సారు అలా అన్నాడనడానికి సాక్ష్యం ఏముంది?” అని అడిగింది.

“నవ్వినోళ్లను అడగండి మేడమ్.”

పిలిస్తే క్లాసువాళ్లలో నలుగురు గుర్తు లేదన్నారు. కోదాడ నుంచి వచ్చే దీప మాత్రం, “అన్నారండి. నేనూ నవ్వాను” అని తల వంచుకుంది.

కోర్సు వదులుకోవడానికి అనుమతి వచ్చింది. ఆ కాగితంలో కారణం దగ్గర ‘అనారోగ్యం’ అని ఉంది. చాందీ దాన్ని యూనివర్సిటీ ఆఫీసు కౌంటర్లోకి తిరిగి తోసింది.

“పనైపోయింది గదమ్మా, ఇంకేంది?” అన్నాడు గుమస్తా.

“ఇది నా కారణం కాదు. మార్చి ఇయ్యండి.”

పక్క కౌంటర్లో అడగమన్నారు, రేపు రమ్మన్నారు. ఆమె బెంచీ మీద కూర్చుంది. గోప్యా రెండు టీలు తెచ్చి పక్కనే కూర్చున్నాడు. ఆఫీసు మూసేముందు కొత్త కాగితం చేతికొచ్చింది: ‘అధ్యాపకుని అవమానకర ప్రవర్తన, విచారణలో ఉంది.’

చాందీ నిలబడే ప్రతి అక్షరం చదివింది. తర్వాతే బస్టాండుకు కదిలారు.