ఒకటిన్నర మెట్టు కింద

ఏడేళ్ళుగా రస్ పోకాక్ చేస్తున్న మోసం ఇంకో పది నిమిషాల్లో బయటపడబోతోంది. ఆపే ఉపాయం ఒక్కటీ అతని బుర్రకి తట్టడం లేదు.

లిండ్సే ట్రాంటర్ వాళ్ళ బ్యాండులో గాయకుడు. ముప్పై ఎనిమిదేళ్ళప్పుడు, గొంతు కంగుమని మోగే రోజుల్లో, ఒక పత్రికవాడి ముందు బీరాలు పలికాడు. 'ఉప్పుగాలి' పాట చివర్లో వచ్చే ఆ పై స్వరాన్ని రికార్డులో ఉన్న శ్రుతిలో అందుకోలేని రోజున మైకు కింద పెట్టేస్తానన్నాడు. వాళ్ళ ఊరు పోర్ట్ కెంబ్లాలో బౌల్స్ ఆట క్లబ్బు వాళ్ళు ఆ మాటలు అచ్చయిన కాగితం ముక్కకి ఫ్రేము కట్టించి బారు పక్కన తగిలించారు. ప్రతి నెలా ఆఖరి శనివారం లిండ్సే దాని కిందే నిలబడి పాడతాడు. డెబ్బై రెండేళ్ళొచ్చినా స్వరం అందుతూనే ఉందని ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది.

అందక ఏం చేస్తుంది. అరవై ఐదో ఏట ఒక శనివారం లిండ్సే గొంతు జీరబోయింది. మర్నాడు రస్ తన వంటింట్లో కూర్చుని గిటార్ తీగలన్నీ శ్రుతి అర మెట్టు తగ్గేలా వదులు చేశాడు. బేస్ గిటార్ వాయించే నోరీన్ చేతా అదే చేయించాడు. వేళ్ళు పెట్టే చోట్లు మారవు, చూసేవాడికి తేడా తెలియదు, పాట మాత్రం చల్లగా కిందికి దిగుతుంది. మూడేళ్ళకి ఇంకో అర మెట్టు, ఆ తర్వాత మరో అర. లిండ్సే ఏటేటా ఛాతీ విరుచుకుని ఫ్రేము వంక చూసుకునేవాడు. చూసినప్పుడల్లా రస్‌కి సిగ్గేసేది, సంతోషమూ కలిగేది.

ఇప్పుడు వాళ్ళ బ్యాండులో డ్రమ్స్ వాయించే క్లైవ్ పోయాడు. సమాధి దగ్గర్నుంచి వచ్చి అందరూ క్లబ్బులో సాసేజ్ రోల్స్ తింటున్నారు. క్లైవ్ భార్య బెరిల్ వచ్చి లిండ్సే చెయ్యి పట్టుకుంది.

"ఆయనకిష్టమైన 'ఉప్పుగాలి' ఒక్కసారి పాడు లిండ్సే. మా మేనకోడలు పియానో వాయిస్తుంది."

పియానో తీగలు ఎవరూ వంటింట్లో వదులు చెయ్యలేరు. రస్ గబగబా పియానో దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు. "అమ్మాయ్, ఒకటిన్నర మెట్టు కింద వాయించగలవా?"

"రికార్డులో ఉన్నట్టే నేర్చుకున్నానండీ. మారిస్తే తడబడతాను."

లిండ్సే మొదలుపెట్టాడు. రెండో చరణానికే మెడ నరాలు తేలాయి. ఆ పై స్వరం దగ్గర గొంతు చీలిపోయి గాలి మాత్రం వచ్చింది. బెరిల్ అది దుఃఖమే అనుకుంది, అందరూ అలాగే అనుకున్నారు. లిండ్సే మాత్రం పియానో వంక చూసి, తర్వాత రస్ వంక చూశాడు. మిగిలిన మాటలు మామూలుగా చదివేసి బయటికి నడిచాడు.

కార్ల దగ్గర పట్టుకున్నాడు రస్.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు లిండ్సే.

"ఏమిటి ఎన్నాళ్ళనుంచి?"

"వేషాలెయ్యకు. క్లైవ్‌ని పూడ్చి ఇంకా రెండు గంటలు కాలేదు."

"ఏడేళ్ళు. కొంచెం కొంచెంగా ఒకటిన్నర మెట్టు దించాను."

"నోరీన్‌కి తెలుసా? క్లైవ్‌కి?"

"తెలుసు."

"అంటే నేనొక్కణ్ణే దద్దమ్మని."

"నీకోసమే చేశానని చెప్పొచ్చురా. అబద్ధం. నువ్వు మానేస్తే ఈ చేతులు పెట్టుకుని నేనేం చెయ్యాలి? ఆ శనివారం కోసమే నెలంతా గడుపుతున్నాను."

లిండ్సే కారెక్కి తలుపు వేసుకున్నాడు.

ఎనిమిది రోజులు ఫోను ఎత్తలేదు. ఆఖరి శనివారం రానే వచ్చింది. రస్ తీగలన్నీ రికార్డు శ్రుతికి బిగించి తెచ్చాడు.

"చంపేస్తావా వాణ్ణి?" అంది నోరీన్.

"ఇక దాచను. ఆ స్వరం వస్తే రానీ, లేకపోతే లేదు."

లిండ్సే వచ్చాడు. ఎవర్నీ పలకరించకుండా బారు దగ్గరికి వెళ్ళి, ఫ్రేము తీసి బోర్లా పెట్టి, మైకు అందుకున్నాడు.

"ఈ మాటన్నవాడికి ముప్పై ఎనిమిదేళ్ళు. డెబ్బై రెండంటే ఏమిటో వాడికేం తెలుసు. మీకో సంగతి చెప్పాలి. ఏడేళ్ళుగా దిగుతూ దిగుతూ ఇప్పుడు ఒకటిన్నర మెట్టు కింద పాడుతున్నాను. నాకూ పోయిన వారమే తెలిసింది."

వెనక బల్ల దగ్గర్నుంచి ఒక ముసలాయన, "మెట్లు మేమెప్పుడు లెక్కపెట్టాం లిండ్సే, మొదలుపెట్టు" అన్నాడు. నలుగురు నవ్వారు.

లిండ్సే రస్ వైపు తిరిగాడు. "దించు."

రస్ అందరి ముందూ గిటార్ తీగల మరలు తిప్పాడు. నోరీన్ కూడా తిప్పింది. "ఒకటిన్నర. ఎప్పటిలాగే," అన్నాడు రస్.

"ఇంకో అర దించరా. రెండేళ్ళుగా ఆ స్వరం దగ్గర ప్రాణం పోతోంది. పక్కనే నిలబడ్డావు, నీకు తెలియలేదా?"

రస్‌కి నిజంగానే తెలియలేదు. చూపు మసకబారి, మర ఎక్కడుందో వేళ్ళతో వెతుక్కోవలసి వచ్చింది. లిండ్సే మైకు పట్టుకుని, అతను ఆరు తీగలూ దించేదాకా ఆగాడు.