సగటు కణం

పీహెచ్‌డీ పూర్తయ్యాక యోగిత నాలుగేళ్లు ఏ ప్రయోగశాల గడపా తొక్కలేదు. కూతురు అనూహ్య పుట్టింది. పాపకు తరచూ ఆయాసం వచ్చేది. అలా ఏళ్లు జారిపోయాయి. మళ్లీ పరిశోధనలోకి వెళ్దామని పోస్ట్‌డాక్‌ ఉద్యోగాలకు దరఖాస్తు పెడితే ప్రతిచోటా అదే ప్రశ్న: "ఈ నాలుగేళ్లూ ఏం చేశారు?" జవాబు విని మర్యాదగా నవ్వేవారు. మళ్లీ కబురు వచ్చేది కాదు.

బెంగళూరులో సిస్టమ్స్ బయాలజీ ల్యాబ్ నడిపే డాక్టర్ మలర్ మాత్రం ఆ ప్రశ్న అడగలేదు. ఇన్సులిన్ తగిలినప్పుడు ఒక్కో కొవ్వుకణం చక్కెరను ఎంత వేగంగా పీల్చుకుంటుందో కొలిచిన డేటా పంపింది. "దీనికి సరిపోయే గణిత నమూనా కట్టి, నెలాఖరుకు చూపించండి," అంది.

పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో యోగిత మామగారు వెంకటకృష్ణయ్యకు చెప్పుల అంగడి ఉంది. దాని పై గదిలో, అట్టపెట్టెల మధ్య ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. మలర్ ల్యాబ్ ప్రచురించిన వ్యాసంలో కణాలన్నిటికీ కలిపి ఒకే సగటు గీత ఉంది. యోగిత ఎంత ప్రయత్నించినా ఆ గీత డేటాకు అతకలేదు. తన బుర్రే తుప్పు పట్టిందనుకుంది. లెక్కలన్నీ మొదటినుంచి చేసింది. ఫలితం మారలేదు. చివరికి సగటును పక్కన పెట్టి, ఒక్కో కణాన్నీ విడిగా చూసింది. సగం కణాలు ఇన్సులిన్‌కు చటుక్కున స్పందిస్తున్నాయి. మిగతా సగం దాదాపు కదలడమే లేదు.

"ఏందిమ్మా, మొగం అట్లుండాది?" టీ తీసుకుని పైకొచ్చిన మామగారు అడిగాడు.

"మామా, మన అంగడికి వచ్చేవాళ్లల్లో సగం మందికి ఆరో నంబరు, సగం మందికి పదో నంబరు అనుకోండి. సగటు ఎనిమిదని అన్నీ ఎనిమిదే తెప్పిస్తే?"

"ఒక్క జత పోదు."

"వాళ్ల పేపర్లో ఉండేది ఆ ఎనిమిదో నంబరే."

ఆయన టీ గ్లాసు ఆమె ముందు పెట్టాడు. "పని ఇచ్చేది వాళ్లే కదమ్మా. మొగం మీదే తప్పంటే ఎట్లా? ఇప్పటికి వాళ్లడిగింది ఇచ్చెయ్. లోపలికి పోయినంక చెప్పుకోవచ్చు."

"లోపలికి పోయేదానికే అబద్ధం చెప్తే, ఆడ ఇంకేం పని చేసేది మామా?"

వీడియో ఇంటర్వ్యూలో ఆమె రెండు గుంపుల కణాలకూ విడివిడిగా రెండు గీతలు చూపించింది. మలర్ పక్కనున్న సీనియర్ ప్రొఫెసర్ ముఖం చిట్లించాడు. "మేం ఒక నమూనా అడిగితే, మీరు మా వ్యాసమే తప్పంటున్నారు."

యోగిత తెర మీది గీతల్ని మళ్లీ చూపించింది. "మీ సగటు సరైనదే సార్. కానీ అలా ప్రవర్తించే కణం ఈ డేటాలో ఒక్కటీ లేదు. ఆ సగటును నమ్మి మందు తయారుచేస్తే, స్పందించని సగానికి అది పనికిరాదు."

"మీ లెక్క తప్పయితే?" మలర్ అడిగింది.

"కణాలను వేరుచేసే యంత్రం మీ దగ్గరుంది మేడమ్. నా మొదటి పని అదే. రెండు గుంపులు కనబడకపోతే, నా లెక్క తప్పని నేనే రాసిస్తాను."

వారం తర్వాత ఉద్యోగం వచ్చింది. ఒక్క ఏడాదికే, పొడిగింపు ఫలితాన్ని బట్టి. భర్త శ్రవణ్‌కు పుదుచ్చేరిలోనే ఉద్యోగం. పాప ఎలా అని అతను అనేలోపే అత్తగారు సుందరి అందుకుంది.

"నేను పోతా పాపతో."

"మరి నాకు సోరు ఎవురు వండేది?" అన్నాడు వెంకటకృష్ణయ్య.

"ఇంత అంగడి నడిపేవాళ్లు, కుక్కరు నడపలేరా?"

బెంగళూరులో మొదట్లో యోగిత చేతులు మాట వినలేదు. పెంచిన కణాలు రెండుసార్లు చచ్చిపోయాయి. పక్కబల్ల పిల్లలు ఆమెకంటే పదేళ్లు చిన్నవాళ్లు. సిగ్గుపడకుండా వాళ్లనే అడిగి కొత్త పద్ధతులు నేర్చుకుంది. మూడోసారి కణాలు నిలిచాయి.

యంత్రం తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతూ, మెల్లగా రెండు వేర్వేరు కుప్పలయ్యాయి. మలర్ తెర దగ్గరికి వంగి రెండు కుప్పలనూ చూసింది.

"పేపర్ సరిదిద్దాలి," అంది.

"అది మీరు రాయండి మేడమ్," అంది యోగిత, స్పందించని కణాలున్న గొట్టాన్ని ఐసులో పెడుతూ. "ఇవి ఎందుకు కదలడం లేదో నేను చూస్తాను."