పద్దెనిమిది గుమ్మాలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. ఈ సంగతి మా ఆయన బతికున్నప్పుడు రోజూ చెప్పేవాడు, నేను రోజూ కొట్టిపారేసేదాన్ని. ఇప్పుడు ఆ నోటితోనే చెబుతున్నాను, వినండి.

నా పేరు మేవిస్. దక్షిణాఫ్రికాలో వెండా కొండల మధ్య ఉన్న మా యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ ఊడ్చే పని నాది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఇదే బ్లాకు. పిల్లలందరికీ నేను పెద్దమ్మని.

ఫిబ్రవరిలో కొత్తపిల్లలు దిగుతారు. జోబర్గ్ సిటీ వాళ్ళు చక్రాల పెట్టెలు లాక్కుంటూ వచ్చి, ఈ అడవిలో సిగ్నల్ కూడా లేదేమిటని మొత్తుకుంటారు. పల్లెల వాళ్ళు బకెట్టు, దుప్పటి, మొక్కజొన్న పిండి బస్తా తెచ్చుకుంటారు. ముతాలే వైపు పల్లె నుంచి వచ్చిన చినాకహో వాటితోపాటు గడ్డి చీపురు కూడా తెచ్చుకుంది. నన్ను చూడగానే నేలమీద మోకాళ్ళూని, చేతులు జోడించి పలకరించింది. మా పద్ధతే అది, కాదనను. కానీ ఈ రోజుల్లో ఊడ్చేదానికి ఎవరు మోకరిల్లుతారు? వెనకున్న పిల్లలు కిసుక్కున నవ్వారు.

మర్నాడు ఆరింటికి నేను వచ్చేసరికి వరండా శుభ్రంగా ఊడ్చి ఉంది. వాకిట్లో ఎర్రమట్టి మీద చినాకహో గడ్డి చీపురు గీతలు వరసగా ఉన్నాయి. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. మా సూపర్‌వైజర్ ముందు వారమే "ఈ బ్లాకుకి ప్రత్యేకంగా ఒక మనిషెందుకు?" అని సణిగి వెళ్ళాడు. ఈ పిల్ల నా పనికే ఎసరు పెడుతోందనుకున్నాను. ఎందుకు ఊడుస్తున్నావే అని ఆ పిల్లనే అడిగి ఉంటే పోయేది. అడగలేదు. కుళాయిల దగ్గర పళ్ళు తోముకుంటున్న పిల్లల ముందు నోరు పారేసుకున్నాను.

"చీకటితోనే లేచి పద్దెనిమిది గుమ్మాల ముందు ధూళి ఎత్తుకుపోతోందమ్మా ఆ గడ్డి చీపురావిడ. మీ కాళ్ళ కింద మట్టి, మీ రాలిన జుట్టు! దేనికో మరి."

హాస్టల్ కమిటీకి పెద్ద రెఫిల్వే. జోబర్గ్ పిల్ల. నోట్లో నురగ ఉమ్మేసి, "చేతబడికంటావా పెద్దమ్మా?" అంది.

"నేనేమన్నానా తల్లీ? ఊరికే అన్నా" అన్నాను. అందరం నవ్వుకున్నాం.

పెదవి దాటిన మాట పృథివి దాటుతుంది. వారం తిరిగేసరికి, చేతబడి తగలకుండా గుమ్మాల ముందు ఉప్పు గీతలు పడ్డాయి. చినాకహో గదిలో ఉండే పిల్ల పరుపు చుట్టుకుని వేరే గదికి పోయింది. వంటగదిలో చినాకహో సంకటి కుండ దించుకుని వెళ్ళేదాకా ఎవరూ అడుగు పెట్టేవారు కాదు. జడలల్లుకున్న పిల్లలు రాలిన వెంట్రుకలు ఏరి, కవర్లో మూటకట్టి దాచుకునేవారు. చదువుకునే పిల్లలు! కెమిస్ట్రీ చదివే పిల్లలు!

ఒకరోజు బట్టలుతికే గట్టు మీద చినాకహో ఒక్కతే కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, నాతో ఎవరూ మాట్లాడట్లేదండీ. నేను సరిగ్గా ఊడవట్లేదా?"

"అసలు నువ్వెందుకే ఊడవడం?"

"అవ్వ చెప్పిందండీ. కొత్తచోటికి వెళ్తే ముందు వాకిలి ఊడువు, అప్పుడు చుట్టానివి కాదు, ఇంటిపిల్లవి అవుతావు అని. రేపట్నుంచి ఇంకాస్త ముందు లేస్తా. కుళాయిల దగ్గర కూడా ఊడుస్తా."

ఆ పుకారు పుట్టించింది నేనేనని అప్పుడైనా చెప్పొచ్చు కదా. "ఇంక ఊడవకు, చదువుకో" అని మాత్రం అన్నాను.

"పర్లేదండీ. మీకు నడుం నెప్పి కదా పెద్దమ్మా" అంది.

ఆ మాట విని అక్కడ నిలబడలేక అవతలికి పోయాను.

మార్చిలో పరీక్షలప్పుడు రెండో గది పిల్ల క్లాసులో కళ్ళు తిరిగి పడిపోయింది. మూడు రోజులుగా కాఫీ తప్ప ఏమీ ముట్టని పిల్ల పడిపోక ఏం చేస్తుంది? కానీ ఆ సాయంత్రమే వాకిట్లో మీటింగు పెట్టారు. వార్డెన్ వచ్చింది, మా సూపర్‌వైజరూ వచ్చాడు. చినాకహో బ్లాకు ఖాళీ చెయ్యాలంది రెఫిల్వే. వేరే బ్లాకుల్లో మంచాలు లేవు. ఊరి నుంచి రోజూ రావాలంటే పోను రాను ఆరు గంటలు. హాస్టల్ పోతే ఆ పిల్లకి చదువు పోయినట్టే.

"మా గుమ్మాల ముందు మట్టి ఎందుకు ఎత్తుతున్నావ్? ఏం చేస్తున్నావ్ దాన్ని?" అని అరిచింది రెఫిల్వే.

చినాకహో బిత్తరపోయింది. తన గురించి ఏమనుకుంటున్నారో ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. చుట్టూ చూసి నన్ను వెతుక్కుంది.

"పెద్దమ్మకి తెలుసండీ. పెద్దమ్మకి అంతా చెప్పాను. అడగండి."

అందరూ నావైపు తిరిగారు, సూపర్‌వైజర్‌తో సహా.

"నాకేం తెలుసు? ఊడ్చుకునేదాన్ని" అన్నాను.

ఛీ, నా బతుకు.

మర్నాడు వచ్చేసరికి వరండా నిండా ధూళి. చినాకహో గదిలో మంచం బోసిగా ఉంది. గడ్డి చీపురు నా సామాన్ల గది తలుపుకి ఆనించి ఉంది.

శనివారం ఆ చీపురు పట్టుకుని ముతాలే టాక్సీ ఎక్కాను. వాళ్ళ వాకిట్లో అవ్వ వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నా పేరు చెప్పగానే ముఖం విప్పారింది.

"మేవిస్‌వి నువ్వేనా తల్లీ? ఫోన్‌లో ఎప్పుడూ నీ మాటే. ఇక్కడ నాకో పెద్దమ్మ ఉంది, నువ్వు దిగులు పడకవ్వా అనేది. సెలవులిచ్చారంటగా, మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?"

చినాకహో వచ్చి గడపలో నిలబడింది. పలకరించలేదు, మోకరిల్లలేదు. నేనే నేలమీద మోకాళ్ళూని, కుళాయిల దగ్గర అన్న మొదటి మాట నుంచి మీటింగులో అన్న ఆఖరి మాటదాకా చెప్పాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అవ్వ ఒలవడం ఆపలేదు. "ఎన్ని గుమ్మాలమ్మా?" అంది.

"పద్దెనిమిది."

"పద్దెనిమిదికీ వెళ్ళు. నువ్వు పోసిన చెత్త నువ్వే ఎత్తుకో. నలుసు మిగలకూడదు. అప్పుడొచ్చి అడుగు, పంపుతాను."

నేను చినాకహో వైపు చూశాను.

"అప్పుడైనా వస్తానో లేదో నాకే తెలీదండీ" అంది.

సోమవారం మొదలుపెట్టాను. ఒక్కో తలుపూ తట్టి, "ఆ మాట పుట్టించింది నేనే. నా పని పోతుందని కుళ్ళుతో అన్నాను. తర్వాత భయపడి నోరు మూసుకున్నాను" అని చెప్పాను. కొందరు ఏడ్చారు. రెండో గది పిల్ల అక్కడికక్కడే ఉప్పు తుడిచేసింది. ఐదో గది పిల్ల, "అయితే మంత్రగత్తెవి నువ్వే" అని ముఖం మీద తలుపేసింది. కాదని ఎలా అనను? వార్డెన్‌కీ చెప్పాను. కమిటీ పెద్ద సంతకం పెడితే గది తిరిగిస్తానంది. కబురు సూపర్‌వైజర్‌కి కూడా చేరింది. నెలాఖరుకి నా పని ఉంటుందో లేదో తెలీదు. పోతే పోనీ.

ఇవాళ బుధవారం. క్లాసుల్లో పేర్ల నమోదు శుక్రవారం మూసేస్తారు, ఆలోగా గది దొరక్కపోతే చినాకహోకి ఈ ఏడు పోయినట్టే. పదిహేడు గుమ్మాలయ్యాయి, మిగిలింది రెఫిల్వేది. రెండు రోజులుగా తలుపు తీయడం లేదు. లోపల మాత్రం అటూ ఇటూ తిరుగుతున్న అడుగులు వినిపిస్తున్నాయి.

"అమ్మాయ్, నువ్వు తీసేదాకా నేను పోను" అన్నాను.

గుమ్మం ముందు ధూళి ఊడ్చి, చీపురు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.