టవరు కింద సోమక్క

ఊరికి టవరొచ్చిన రోజు సోమక్క బెల్లం పాయసం వండి నాలుగిళ్ళకు పంచింది. మిగతావాళ్ళకు టవరంటే వీడియోలు, రేషన్ దుకాణంలో వేలిముద్రలు. ఆమెకు మాత్రం టవరంటే కూతురు బిందు.

బిందు మొగుడు రాజ్‌కుమార్‌తో కలిసి గోదావరి అవతల, పక్క రాష్ట్రం తెలంగాణలో, మిరపకాయల కోతకు పోయింది. కడుపుతో ఉంది, ఎనిమిది నెలలు నిండాయి. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగాలి. కానీ కోత నడిమిలో వదిలొస్తే కూలీలను కుదిర్చే మేస్త్రీ వచ్చే ఏడు పిలవడు. అందుకని నొప్పులు మొదలవగానే ఫోన్ చెయ్యాలనీ, సోమక్క పడవెక్కి వచ్చి దగ్గరుండి ఆస్పత్రికి తీసుకుపోవాలనీ తల్లీకూతుళ్ళు అనుకున్నారు.

ఆ మాట అనుకోవడానికే వాళ్ళకు ఏడాది పట్టింది. బిందు తనకు నచ్చినవాణ్ణి చేసుకుందని సోమక్క ఏడాదిపాటు కూతురితో మాట్లాడలేదు. ఫోన్లో సిమ్ము తీసి పక్కన పడేసింది. మొన్న దసరాకు, కడుపుతో ఉందని విన్నాకే మళ్ళీ వేయించింది.

టవరు లేనప్పుడు ఊరంతా సాయంత్రం ఏటి ఒడ్డుకు నడిచేది. అవతలి గట్టు టవరు అక్కడ అందుతుంది. ఇసుకలో ఇంటికో వెదురు కర్ర పాతుకుని, ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి కర్ర కొసన కట్టేవాళ్ళు. సోమక్కకు నంబరు కొట్టడం రాదు. మోగితే పచ్చ బటన్ నొక్కడమే. బిందు రోజూ పొద్దుగూకే వేళ చేసేది.

టవరొచ్చిన సాయంత్రం ఏటి ఒడ్డున సోమక్క కూతురితో గొప్పగా చెప్పింది. "ఇగ మన ఊళ్ళోనే టవరు బిడ్డా. నేను ఈడికి రానింక. ఇగ రోజూ చెయ్యకు, నొప్పులొస్తే చాలు. రాత్రి పగలు ఎప్పుడైనా చెయ్యి, ఎత్తుత."

మర్నాడు తన కర్ర పీకి తెచ్చి టవరు కంచె పక్కనే పాతింది. ఎంత దగ్గరైతే అంత బాగా పడుతుందని ఆమె లెక్క. టవరు కాపలాదారు ఉంగ నవ్వాడు.

"ఏందత్తా, టవరుకు బర్రెను కట్టినట్టు కట్టినవ్?"

"పాలిచ్చేది అదే కదరా నాకు."

"ఇంటికాడ పెట్టుకున్నా మోగుతదే."

"నీకేం తెలుసు? నా బిడ్డ గొంతు సన్నది."

అన్నం అక్కడే, కునుకు అక్కడే. ఫోను బటన్ నొక్కితే లైటు వెలిగేది, టైము చూపేది. మోగలేదంటే నొప్పులు రాలేదన్నమాట. ఒకరోజు గడిస్తే కడుపులో బిడ్డకు ఒకరోజు బలం అనుకుంటూ తొమ్మిది రోజులు కూర్చుంది.

పదో రోజు పొద్దున సుక్కి వచ్చింది. బిందుతో కోతకు పోయిన మనిషి. నెత్తి మీద మూట దింపకుండానే కంచె దగ్గర నిలబడింది.

"ఈడనే ఉన్నవా సోమక్కా?"

"ఏడికి పోత? బిడ్డ ఎట్లున్నది?"

"మంగళారం రాత్రి నొప్పులొచ్చినయి. తెల్లారేదాక నీకు చేస్తనే ఉన్నది. మా అమ్మ వస్తది, అమ్మతోనే పోత అని బండెక్కలే. పొద్దున మేమే ఎత్తుకపోయినం." సుక్కి మూట కిందికి దించింది. "మగపిల్లగాడు. ఏడ్వలేదు."

సోమక్క కర్ర కొసన ఉన్న ఫోను తీసి సుక్కికి చూపించింది. "ఇది మోగలే సుక్కీ. చూడు. మోగలే."

పడవ ఏటి నడిమికి వచ్చేసరికి ఆమె ఒళ్ళో ఫోను ఒక్కసారిగా అదరడం మొదలుపెట్టింది. ఒకదాని వెనక ఒకటి మెసేజులు. ఆమె గబగబా పచ్చ బటన్ నొక్కింది. ఎవరూ పలకలేదు. తమ వైపు పెద్దూరు భోపాల్‌పట్నంలో ఫోన్లు బాగుచేసే వీరేందర్ సామాన్లకని అదే పడవలో ఉన్నాడు. ఫోను తీసుకుని చదివాడు.

"మిస్డ్ కాల్స్ పెద్దమ్మా. పదిహేడు. అన్నీ ఒక్క నంబరే. మంగళవారం రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి నాలుగు దాక."

"మరి ఆడ మోగలేదేంది? టవరు కిందనే కట్టిన కదా."

వీరేందర్ ఫోను వెనక మూత తీసి చూశాడు. "టవరు మీద కట్టినా అంతే. అవతలి టవరు ఫ్రీక్వెన్సీ వేరు, మన ఊరిది వేరు. మనది అడవి కదా, చెట్లు దాటి దూరం పోవాలని తక్కువ ఫ్రీక్వెన్సీ పెట్టిన్రు. ఆ ఫ్రీక్వెన్సీ పట్టే బ్యాండు నీ సెట్టుకు లేదు. చవక సెట్లల్ల రెండు మూడే పెడతరు, బ్యాండ్లు పెరిగితే ధర పెరుగుతది."

"లైటు వెలిగింది కదయ్యా."

"లైటు బ్యాటరీది పెద్దమ్మా." అతను తల వంచుకున్నాడు. "రోమింగు పైసలు పోయినంక ఏ గట్టుకు పోయినా ఒకటే అనుకుంటున్నరు అందరు. సిమ్ముకు హద్దు లేదు. సెట్టుకున్నది."

ఒడ్డు చేరేదాకా సోమక్క ఆ మాటలనే నోట్లో తిప్పుకుంది. బ్యాండు వేరు, సెట్టుకు లేదు. బ్యాండు వేరు, సెట్టుకు లేదు.

మిరప తోట గట్టున, టార్పాలిన్ గుడిసెలో బిందు గోడవైపు తిరిగి పడుకుంది. జాకెట్టు పాలతో తడిసి ఉంది. సోమక్క పక్కన కూర్చుంది.

"బిడ్డా, టవరు కిందనే కూసున్న. అది బ్యాండంట. మన ఊరి టవరు బ్యాండు నా సెట్టుకు లేదంట. వీరేందర్ చెప్పిండు."

బిందు అటు తిరిగే మాట్లాడింది. "కవరేజిలో లేరని ఫోన్ల గొంతు హిందీల చెప్పింది ప్రతిసారీ. టవరు కింద కూసున్న మనిషి కవరేజిల ఎట్ల ఉండదమ్మా?"

"నాకు తెల్వదు బిడ్డా."

"మళ్ళ సిమ్ము తీసినవేమో అనుకున్న. తీసినా, పానం మీదికొస్తే వేస్తవని నాలుగైందాక చేసిన."

"తియ్యలేదే. నీ మీద ఒట్టు."

బిందుకు పాలు ఎగదన్ని నొప్పి పుట్టినట్టుంది, చెయ్యి రొమ్ముకు అదుముకుని పళ్ళు బిగబట్టింది. సోమక్క లేచి తన చీరె కొంగు బారెడు చించింది. పాలు అణగాలంటే రొమ్ములు బిగించి కట్టాలి. కానుపింట్లో అది తల్లి చేసే పని. గుడ్డ రెండు చేతులా పట్టుకుని వంగింది.

"లే బిడ్డా, కట్టనియ్యి."

బిందు కదల్లేదు.

"ఆడ పెట్టు," అంది. "రాజ్‌కుమార్ వచ్చి కడతడు."