పాప మేనమామ వేసిన చివరి ముడి

తమిళనాడు రాజపాళయంలో నాది నూలు, ఆసుపత్రి కట్టుగుడ్డల వ్యాపారం. సరుకునైనా మనిషినైనా లాగి చూశాకే నమ్ముతాను. రాజ్‌కమల్‌ని మాత్రం ఎన్నడూ లాగి చూడలేదు. నా భార్య ఇళవరసి తమ్ముడు, మా పాపకు మేనమామ. చూడాలనే తోచలేదు.

సోమవారం మా షెడ్డులో నూలుకు పురి వేసే కొత్త మిషను తిరగాలి. మా ఇళ్ళల్లో పిల్లకు చెవులు కుట్టినా, మిషను తిప్పినా మొదటి చెయ్యి మేనమామది. మొదటి పోగు అతని చేత ఎక్కించి, ఆ మిషనులో భాగం ఇవ్వాలని అనుకున్నాను.

ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరం ఫోన్లు పట్టుకుని ఆటకు కూర్చున్నాం. దీవిలో చిక్కుకున్న ఇద్దరు తెప్ప కట్టుకుని బయటపడాలి. వారాల తరబడి తాడు దగ్గరే ఆగిపోయాం. ఆటలోని పనిబల్ల మీద నారను ఎలా పేనినా మెలికలు పడి తెగిపోతోంది.

"ఇంకా నార కావాలేమో బావా."

"నార చాలురా. పురి తప్పు."

అది మా పనే. ఒంటి పోగును కుడికి తిప్పితే, రెండు పోగులు కలిపేటప్పుడు ఎడమకు తిప్పాలి. బల్ల మీది చక్రాన్ని ఎదురువైపు తిప్పాను. తాడు నిలిచింది.

"నీ బుర్రను మిల్లులో పెట్టాల బావా!" అని రాజ్‌కమల్ తొడ చరిచాడు.

దుంగలన్నీ కట్టాం. చివరి ముడి మిగిలింది. అలవాటు కొద్దీ అన్నాను, "పాప మామవి, నీ చేత్తోనే వెయ్యి."

వేశాడు. "నువ్వు పొయ్యి నీళ్ళు పట్టుకోని రా బావా, నడి సముద్రంలో దప్పిక అయితాది."

దీవిలోని ఊట నుంచి తిరిగొచ్చేసరికి ఒడ్డున తెప్ప లేదు. ఫోను మీద రెండు వాక్యాలు కనిపించాయి. చివరి ముడి వేసినవాడిదే తెప్ప. మిగిలినవాడు మొదటి నుంచి ఆడాలి.

"సుమ్మా ఆట దానే బావా, ఉత్త ఆటే గదా! ఒక్కడే పోతే గెలిచినోళ్ళ జాబితాలో పేరు మొదట వస్తాది."

"ముడి వెయ్యమన్నప్పుడు నీకు ఈ సంగతి తెలుసునా?"

"ఎప్పుడో తెలుసు. నువ్వుగా పిలిచి ఇస్తివి, నేనేం జేసేది?"

ఆటలో ఓడితే నాకేం నష్టం? బేరాల్లో ఓడుతూనే ఉంటాను. కానీ ఇన్ని వారాలు నా పక్కనే నార ఏరుతూ, ఆ మాటను కడుపులో దాచుకున్నాడు. నేను గౌరవం ఇచ్చిన చోటే దెబ్బ తీశాడు.

"పొయ్యి పొయ్యి ఒక ఆటకు మొగం ముడుచుకుంటారా?" అంది ఇళవరసి. జరిగింది చెప్పాను.

సోమవారం షెడ్డుకు బంధువులు వచ్చారు. రాజ్‌కమల్ కొత్త చొక్కా వేసుకొచ్చి, నూలు కండె కోసం నా వైపు చెయ్యి చాపాడు. నా చెయ్యి కదలలేదు.

ఇళవరసి మధ్యలోకి వచ్చింది. "ఒరేయ్, నిన్న ముందే తెలిసీ ఆ ముడి వేసినావా?"

"అయ్యో అక్కా, అది ఆట..."

"తెలుసునా, లేదా?"

అతను బంధువుల వైపు చూసి నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఆమె నా చేతిలోని కండె తీసుకుని, పోగును తానే మిషనుకు ఎక్కించింది. నేను స్విచ్ నొక్కాను.

అతనికి పెట్టాలని కొన్న పట్టు పంచె సంచిలోనే ఉండిపోయింది. బట్టల కొట్టువాడు దాన్ని వెనక్కి తీసుకోడు.