అరచేతిలో ఇనుము

ముళ్ళచెట్టు పూసింది. కొమ్మ కనిపించకుండా, తెల్లగా విరగబూసింది.

ఆ వాసనలో తీపి ఉంది. కొంచెం కుళ్ళు కూడా ఉంది.

ఆ పువ్వు ఇంట్లోకి తేకూడదు. ఆ చెట్టు మీద గొడ్డలి వెయ్యకూడదు. దాని కింద మట్టిదిబ్బలో ఉండే, మనుషులు కానివాళ్ళను పేరు పెట్టి పిలవకూడదు — ‘మంచివాళ్ళు’ అనాలి. వాళ్ళు మంచివాళ్ళు కాదని ఊరందరికీ తెలుసు.

బ్రోనాకు ఇంకా బాగా తెలుసు. అయినా వెళ్తోంది.

మే నెల మొదటి రోజు. అప్పుడే తెల్లవారింది. ఆడవాళ్ళు గడ్డి మీది మంచుతో మొహాలు కడుక్కుంటున్నారు.

“ఏమే కమ్మరిపిల్లా, పొద్దున్నే దిబ్బ దారి పట్టావ్?” పక్కింటి పెగ్ పెద్దమ్మ గోడ మీంచి కేకేసింది. “జేబులో మేకు ముక్కైనా ఉందా, ఊరికే ఊపుకుంటూ పోతున్నావా?”

“ఉందిలే పెద్దమ్మా.”

“ఉంటుందిలే! మొగుణ్ణే సుత్తితో తరిమినదానివి, నీకు నేను చెప్పాలా!”

నిజమే, తరిమింది. ఆ తాగుబోతు ఎర్రగా కాలిన ఇనుము మీద ఆమె కుడిచెయ్యి అదిమిపట్టిన రోజున, ఎడమచేత్తో సుత్తి అందుకుంది. వాడు మళ్ళీ ఈ ఊరి వైపు చూడలేదు. కొలిమి ఆమెది. ముడుచుకుపోయిన ఆ చెయ్యీ ఆమెదే.

రాతిగోడ దగ్గర ఆగింది.

మేకు తీసి రాయి మీద పెట్టింది. జడపిన్ను తీసింది. నడికట్టు బకిల్ తీసింది. అడుగున మేకులున్న బూట్లు విప్పేసి, వట్టికాళ్ళతో గోడ దాటింది.

మూడు వసంతాలుగా ఇదే వరస. ఇనుము తగిలితే వాళ్ళ ఒళ్ళు కాలుతుంది. తన కోసం దిబ్బలోంచి వచ్చే అతన్ని కాల్చకూడదు... కాలడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

అతను చెట్టు కింద ఉన్నాడు. పేరు చెప్పలేదు, ఆమె అడగలేదు. గుర్రాల గురించీ నాడాల గురించీ ఆమె గంటలకొద్దీ వాగితే, మహారాణి కబుర్లలా వినేవాడు. వచ్చినప్పుడల్లా కుడిచెయ్యే అడిగేవాడు. ఊరంతా చూపు తిప్పుకునే ఆ చెయ్యే! తీసుకుని గుండెకో భుజానికో అదుముకునేవాడు. కళ్ళు మూసుకునేవాడు. పళ్ళు బిగించేవాడు.

ప్రేమ అనుకుంది, పిచ్చిది.

ఇవాళ మంచుకు తడిసి అతని చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పలచటి నార. దాని కింద నల్లగా ఏదో...

లాగి చూసింది.

చేతులు.

గుండె మీద, భుజం మీద, మెడ కింద — నల్లగా మాడిన అరచేతి గుర్తులు. ఒకదాని మీద ఒకటి. ఎండినవి, పచ్చివి. ప్రతిదానికీ చిటికెనవేలు లోపలికి ముడుచుకుని ఉంది.

తన చెయ్యి. అన్నీ తన చెయ్యే.

మేకు తీసింది, పిన్ను తీసింది, బూట్లు కూడా విప్పింది... ఆనాడు అరచేతి చర్మం కింద ఉండిపోయిన ఇనుప పెచ్చు మాత్రం ఒక్కసారి కూడా గుర్తురాలేదు. కమ్మరిపిల్లకు!

“ఎందుకు చెప్పలేదు?” చొక్కా వదలకుండానే అడిగింది. “మూడేళ్ళు! నోరు లేదా నీకు?”

“చెబితే చెయ్యి తీసేస్తావు.”

“తియ్యనా మరి!”

“తీస్తే నిన్ను దిబ్బలోకి తీసుకుపోతాను, బ్రోనా. మళ్ళీ పైకి రావు.” అతను తల ఎత్తలేదు. “అందుకే నన్ను పంపారు. మొదటి రోజు నుంచీ అందుకే. వాళ్ళు పిలిస్తే నా ఒళ్ళు నా మాట వినదు. నీ చెయ్యి కాలుస్తున్నంతసేపే... నేను నేనుగా ఉంటాను.”

దిబ్బలోంచి పాట మొదలైంది.

అతని కళ్ళలో తెలుపు తగ్గింది. నలుపు పెరిగింది. వేళ్ళు ఆమె ఎడమ మణికట్టును చుట్టుకున్నాయి. అది తనకు తెలిసిన పట్టు కాదు. ఒక అడుగు లాగాడు.

“తొందరగా...” గొంతు మాత్రం ఇంకా అతనిదే.

తనకు జరిగింది తన చేత ఎవరికీ జరగకూడదని ఒట్టు పెట్టుకున్న మనిషి ఆమె.

ఇంకో అడుగు. మట్టి తెరుచుకుంటోంది.

కుడిచెయ్యి ఎత్తింది. పచ్చిపుండు మీదే పెట్టింది. అదిమింది.

అతను అరిచాడు. మూడేళ్ళలో మొదటిసారి, నోరంతా తెరిచి అరిచాడు.

ఆ అరుపు ఆమెకు తెలుసు. కొలిమి దగ్గర, ఆనాడు, తన నోట్లోంచి వచ్చింది అదే.

పాట ఆగలేదు.

ఆమె చెయ్యి తియ్యలేదు...